పొద్దుగాల పోకు తమ్మీ, పదకొండింటికి పో

మొన్న పానగల్ ఉదయసముద్రం కట్ట మీద కూర్చుంటే, అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్‌లో ఉద్యోగానికి పోతున్న మా పక్కింటి పిల్లగాడు అడిగాడు. "అన్నా, మార్చిలో దిగుతున్నా. అక్కడ కొండ వాగుల్లో ట్రౌట్ అనే చేప పడుతుందట గదా, గాలం తెచ్చుకోవాల్నా?" అప్పుడు నేను చెప్పింది సగమే. వాడిలాగే అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి మిగతాది రాస్తున్నా.

గాలం ఇంట్లోనే పెట్టు. దాంతోపాటు మన అలవాటు కూడా. ఇక్కడ మనం కోడి కూయకముందే ఎర్రలు తవ్వుకుని చెరువు కాడికి పోతాం. కొలరాడోలో నా మొదటి మార్చిలో నేనూ అట్లే ఆరింటికి నీళ్లలో దిగాను. రాడ్ మీద దారం దూరే రింగుల్లో మంచు గడ్డకట్టింది. నోటితో ఊది కరిగించడం, రెండుసార్లు విసరడం, మళ్లీ ఊదడం. వేళ్లు కొయ్యబారి ముడి కూడా పడలేదు. తొమ్మిదింటికి కార్లో హీటర్ పెట్టుకుని కూర్చున్నా. పదకొండున్నరకు ఒక ముసలాయన తీరిగ్గా వచ్చి, ఫ్లాస్కులో కాఫీ తాగి, ఒంటిగంటకల్లా మూడు చేపలు పట్టాడు.

నీళ్లు ఎంత చల్లగుంటే చేప ఒళ్లూ అంతే చల్లగుంటుంది. 40 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు, అంటే మన లెక్కలో నాలుగున్నర లోపు ఉంటే, ట్రౌట్ లోతు మడుగులో అడుక్కి అంటుకుని ఉంటుంది. తిండి మూతి ముందుకొస్తే నోరు తెరుస్తుంది, దాని వెంట మాత్రం పడదు. 45 దాటితే హుషారొస్తుంది. అందుకే మొదటి జీతంతో ఖరీదైన రాడ్ కొనకు. చిన్న థర్మామీటర్ కొని, తాడు కట్టి నీళ్లలో ముంచు.

ఇంకో మెలిక ఉంది. ఎండ బాగా కాసిందని సంబరపడతాం గానీ, మధ్యాహ్నం దాటాక పైనున్న మంచు కరిగి వాగులో కలిస్తే నీళ్లు మళ్లీ చల్లబడతాయి, బురదగా మారతాయి. పదకొండు నుంచి మూడు దాకా నీది, అంతే. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది. బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న పురుగులు అలాంటి రోజుల్లోనే నీళ్ల మీద తేలతాయి. మిడ్జ్‌లనే దోమలాంటి పురుగులు చలికాలమంతా ఉంటాయి. ట్రౌట్ వీటిని తింటుంది కాబట్టి, ఎరగా వీటి నకళ్లు 18 నుంచి 22 నంబరు గాలాల మీద కడతారు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 20వ నంబరుది బియ్యపు గింజంత ఉంటుంది. దాన్ని నీళ్లు పోయే వేగంతోనే పోనివ్వాలి. దారం లాగి అది అడ్డంగా జరిగిందో, చేప ముట్టదు.

ఎత్తు మీది చిన్న వాగులు మార్చిలో ఇంకా మంచు కిందే ఉంటాయి. డ్యామ్ కింది నది చూసుకో. సాగర్ గేట్ల కింద పెరిగినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. సౌత్ ప్లాట్ నది మీద 1905లో కట్టిన చీజ్‌మన్ డ్యామ్ ఉంది. అడుగు నుంచి వచ్చే నీళ్లు చలికాలంలోనూ పారుతుంటాయి. మే, జూన్‌లలో మాత్రం మంచు కరిగి వాగులు వరదలా పొంగుతాయి, అప్పుడు దిగకు.

లైసెన్సు లేకుండా నీళ్ల దగ్గరికే పోకు. పదహారేళ్లు నిండిన ప్రతివాళ్లకూ కావాలి. ఆరు నెలలు అక్కడ ఉంటేగానీ స్థానికుల రేటు రాదు, అప్పటిదాకా ఒక్కరోజుది తీసుకుంటే చాలు. వాగు కనపడింది గదా అని కంచె దాటకు, వాగు అడుగు నేల కూడా సొంతదారుదే కావచ్చు. నీళ్లలో దిగడానికి వేసుకునే, ఛాతీ దాకా వచ్చే వేడర్ల మీద నడుముకు బెల్టు గట్టిగా బిగించు, జారిపడితే నీళ్లు లోపల తొందరగా నిండవు. గులకరాళ్లు ఒకచోట కడిగినట్టు తెల్లగా కనిపిస్తే అక్కడ కాలు పెట్టకు. రెయిన్‌బో ట్రౌట్ వసంతంలో అలాంటి రాళ్లలోనే గుడ్లు పెడుతుంది.

ఆ డ్యామ్ కింది లోయ, చీజ్‌మన్ కాన్యన్‌లో ఎర్ర గుచ్చడానికి లేదు, పట్టిన ట్రౌట్‌ని మళ్లీ నీళ్లలోకే వదలాలి. చేతులు తడుపుకుని పట్టుకో, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. ఒకసారి వదులుతుంటే వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. నల్లగొండలో కుర్చీలోంచి లేచి నిలబడింది. "పులుసు పెట్టుకోనిదానికి చలిలో పొద్దంతా నిలబడ్డవా బిడ్డా?" అంది. నేను జవాబు వెతుక్కునేలోపు చేప ఒక్క తోక విదిలింపుతో వెళ్లిపోయింది.