మాంసం తీసేసిన గిన్నెలో

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘గుడ్లతో గోంగూర మాంసం’ వ్యాసం పోయిన నెల మొదట్లో అందింది. అందిన రోజే చదివాను. మర్నాడు గోంగూర తెప్పించి, నువ్వు రాసింది రాసినట్టే వండాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వండవలసి వచ్చింది. జవాబు ఇంత ఆలస్యం కావడానికి కారణం అదే.

నీ భాష శుభ్రంగా ఉంది. దాని గురించి ఇంకేమీ చెప్పను. రెండో పేజీలో ఒక వాక్యం రాశావు: “మాంసం బదులు ఆరు గుడ్లు వేసుకుంటే చాలు, మిగతాదంతా మామూలే.” అది చదివిన దగ్గరనుంచి నా మనసు కుదురుగా లేదు.

అమ్మాయీ, నువ్వు ఈ కూర వండకుండా రాశావు. గోంగూర ముద్దలో గుడ్లు వేశాక “మూతపెట్టి సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉడకనివ్వాలి” అన్నావు. ఆ నలభై నిమిషాలు మేకమాంసానివి. మాంసం అన్న మాట కొట్టేసి గుడ్లు అని దిద్దినప్పుడు, సమయాన్ని దిద్దడం మరిచిపోయావు. నేను నలభై నిమిషాలూ ఉడికించాను. తెల్లసొన రబ్బరులా సాగింది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కట్టింది, నీచు వాసన వంటింటి నుంచి వసారా దాకా వచ్చింది. నీళ్ళు ఒకవైపు, గోంగూర ఒకవైపు విడిపోయాయి. రెండో ముద్దకే పళ్ళు పులిశాయి.

కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం తడి సెగలో చాలాసేపు ఉంటే మెల్లగా జెలటిన్‌గా కరుగుతుంది. ముదురు మాంసం ఓపికగా ఉడికించేకొద్దీ మెత్తబడేది అందుకే. గుడ్డులో అలా కరగవలసింది ఏమీ లేదు. తెల్లసొన 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే పేరుకోవడం మొదలుపెడుతుంది, పచ్చసొన 70 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. దాంతో గుడ్డు పని పూర్తయినట్టే. ఆ పైన ఎంత కాచినా ఇంకా గట్టిపడడమే తప్ప మెత్తబడదు. నేను చూసిన ఆకుపచ్చ వలయం తెల్లసొనలోని గంధకమూ పచ్చసొనలోని ఇనుమూ కలిసి కట్టేది. ఒంటికి హాని చేయదు కానీ ఆ వాసన కూరనంతా పట్టుకుంటుంది.

‘బదులు’ అన్న మాటతో నాకు నలభై ఏళ్ళ పోరు ఉంది. వంటలో బదులు అనేది లేదని నా నమ్మకం. ఒకటి తీసేస్తే గిన్నె అంతా మారుతుంది.

గోంగూర మాంసంలో మాంసం ఏమేం పనులు చేస్తుందో చూడు. కొరుక్కోవడానికి ముక్క ఇస్తుంది, అది అందరికీ కనిపించే పని. కనిపించని పనులే ఎక్కువ. ఎముకల్లోంచి దిగిన జిగురు పులుసును చిక్కబరుస్తుంది. పాయా చల్లారితే గిన్నెలో గడ్డకడుతుంది కదా, ఆ జిగురే ఇది. కొవ్వు గోంగూర పులుపు మీద పొరలా పరుచుకుని దాని పదును నాలుకకు సూటిగా తగలనివ్వదు. మాంసం ఉడికే గంటలో లవంగం, దాల్చినచెక్క తమ ఘాటు తగ్గించుకుని పులుసులో కలిసిపోతాయి, ఉల్లిపాయ ఆనవాలు లేకుండా కరుగుతుంది. మాంసం తీసేశావంటే ఈ పనులన్నీ చేసే దిక్కు లేదు. పెంకు వలిచిన నున్నటి గుడ్డు పులుసు నుంచి ఏమీ తీసుకోదు, పులుసుకు ఏమీ ఇవ్వదు. కాబట్టి ఒక వస్తువును తీసేసేవాళ్ళు అది చేసే పనులన్నీ ముందు కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత ఏ పని ఎవరికి అప్పగించాలో చూసుకోవాలి. ఈ లెక్క వ్యాసంలో కనిపించాలి కూడా. పాఠకురాలి ఇంట్లో గసగసాలు లేకపోతే ఆవిడ ఏం చేయాలి? గసగసాలు ఎందుకు వేయమన్నారో తెలిస్తే గుప్పెడు వేరుశనగపప్పు నూరుకుంటుంది. తెలియకపోతే వంటే మానుకుంటుంది.

నేను రాసిన కారణాలను సంపాదకులు ఎన్నిసార్లు కొట్టేశారో చెప్పలేను. “పాఠకులకు కొలతలు చాలండీ, పాఠాలు వద్దు” అని ఒకాయన నా ముందే ఎర్ర సిరాతో గీతలు పెట్టాడు. ఆ పత్రికలోనే ముఖచిత్రం మీద తారకు నిండు పేజీ ఇచ్చేవాళ్ళు. వంటకు మాత్రం అర పేజీ, అందులో సగం బొమ్మ. ఇప్పుడు ‘పది నిమిషాల్లో’ అనే పిచ్చి పట్టుకుంది. ఉల్లిపాయ ఎర్రబడడానికే ఇరవై నిమిషాలు పట్టే కూరకు కూడా పది నిమిషాలని శీర్షిక పెడతారు. ఇది అబద్ధం, అమ్మాయీ. ఆ అబద్ధాన్ని నమ్మి ఒక ఇల్లాలు తన చేతే సరిగా లేదనుకుంటుంది.

నువ్వు చేసిన పని నేనూ చేశాను. 1986లో ఒక వారపత్రిక శీతాకాలపు ప్రత్యేక సంచికకు కాశ్మీరీ రోగన్ జోష్ రాయమంది. రాసిచ్చాను. మర్నాడు సంపాదకుడు పిలిపించి, మన పాఠకుల ఇళ్ళలో మటన్ పండగకే వస్తుంది, దీన్ని గుడ్లతో మార్చి సాయంత్రానికల్లా ఇవ్వండి అన్నాడు. ఆ ఆఫీసు బల్ల దగ్గరే కూర్చుని, మాంసం అన్న చోటల్లా గుడ్లు అని దిద్దిచ్చాను. అచ్చయిన మూడు వారాలకు ఒక పోస్టుకార్డు వచ్చింది. “మీరు రాసినట్టే చేశాను. ఆరు గుడ్లు పాడయ్యాయి. పిల్లలు మజ్జిగన్నం తిని పడుకున్నారు.” అంతే ఉంది. సంతకం లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా వంటల నోటుపుస్తకంలో ఉంది. ఆవిడకు ఎలా క్షమాపణ చెప్పుకోవాలో నాకు ఈనాటికీ తెలియలేదు.

నా తప్పేమిటో అర్థం కావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. మావారి ఉద్యోగం ఢిల్లీకి మారినప్పుడు పక్క వాటాలో ఒక కాశ్మీరీ పండితుల కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ రోగన్ జోష్ వండుతుంటే పక్కన నిలబడి చూశాను. వాళ్ళ పద్ధతిలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ఇంగువ, సోంపు పొడి, శొంఠి పొడి, కాశ్మీరీ మిరప, పెరుగు, అంతే. నూరిన ముద్ద ఒక్కటైనా లేదు. అంటే పెరుగు ఇచ్చే కాస్త చిక్కదనం తప్ప ఆ పులుసు బలమంతా మాంసం నుంచి రావలసిందే. అలాంటి కూరలోంచి నేను మాంసాన్ని తీసేయించాను! ఎర్రటి నీళ్ళలో ఆరు గుడ్లు తేలి ఉంటాయి. ఆ పిల్లలు మజ్జిగన్నం తినక ఏం చేస్తారు?

తర్వాత ఆ కూరను గుడ్లకు ఒప్పించడానికి చాలా ఆదివారాలు ఖర్చయ్యాయి. పెరుగును బట్టలో కట్టి నీరంతా దిగాక, బాగా గిలకొట్టి, సన్నని సెగ మీద చెయ్యి ఆపకుండా కలుపుతూ నూనె తేలేదాకా మగ్గించాను. సోంపు సగానికి తగ్గించాను. అప్పుడు గాని కూర నిలబడలేదు. ఆ పద్ధతిని ఏ పత్రికా వేసుకోలేదు, నిడివి ఎక్కువైందని.

గుడ్డు కోసమే పుట్టిన కూరలు చూస్తే నీకు త్వరగా అర్థమవుతుంది. కేరళలో అప్పంతో తినే ముట్ట రోస్టు చూడు. గోధుమరంగు వచ్చేదాకా ఓపికగా వేయించిన ఉల్లిపాయలే ఆ కూరకు ఒళ్ళు, గుడ్డు వచ్చేది చివర్లో. నర్గీసీ కోఫ్తాలో గుడ్డు ఎవరి స్థానంలోకీ రాలేదు. కైమా పొర లోపల కూర్చుని, కోసినప్పుడు తెలుపూ పసుపూ కలిసిన నర్గీస్ పువ్వులా కనబడుతుంది. అది దాని సొంత స్థానం.

నీ కూర సంగతికి వస్తాను. రెండోసారి నా పద్ధతిలో వండాను. అర కిలో మాంసానికి నువ్వు చెప్పిన రెండు కట్టల గోంగూరను ఆరు గుడ్లకు ఒక్క కట్టకు తగ్గించాను. కొవ్వు లేనప్పుడు రెండు కట్టల పులుపును మోసేది ఎవరు? అన్నట్టు, ఎర్ర కాడల గోంగూరా తెల్ల కాడలదా అన్నది నువ్వు రాయనే లేదు. ఎర్రదానికి పులుపెక్కువ. మన కూరకు తెల్లది మేలు. ఉల్లిపాయలు రెండింటికి నాలుగు చేసి, ఎర్రబడేదాకా ఇరవై నిమిషాలకు పైగానే వేయించాను. రెండు చెంచాల గసగసాలు, కాస్త ఎండు కొబ్బరి నూరి వేశాను. జిగురు చేసే పని వీటిది. గరం మసాలా సగం చాలు, లేకపోతే లవంగం ఒక్కటే తెలుస్తుంది. గోంగూరను విడిగా నూనెలో మగ్గించి మెదిపి కలిపాను. నూనె పైకి తేలేదాకా పులుసు వంట పూర్తిగా అయిపోవాలి. గుడ్లు ఇంకా గిన్నెలోకి రాలేదని గుర్తుంచుకో.

గుడ్లను మరిగే నీళ్ళలో తొమ్మిది నిమిషాలు ఉడికించి వెంటనే చన్నీళ్ళలో వేయాలి. మరీ తాజావి అయితే పెంకుతో పాటు తెల్లసొన ఊడివస్తుంది, నాలుగైదు రోజుల కిందటివి తీసుకో. వలిచిన గుడ్డుకు నాలుగు వైపులా గాట్లు పెట్టి, పసుపు, కారం, ఉప్పు వేసిన నూనెలో పైన ముడతలు పడేదాకా వేయించాలి. నున్నటి గుడ్డుకు పులుసు అంటదు, ముడతలు పడ్డదానికి అంటుతుంది. పులుసులో ఐదు నిమిషాలు ఉంచి పొయ్యి కట్టేసి, అరగంట ఆగాలి. గాట్లలోకి పులుసు దిగడానికి సెగ అక్కర్లేదు, ఆ అరగంట చాలు. ఆ రోజు కూర బాగానే కుదిరింది. దానికి ‘గోంగూర గుడ్లు’ అని పేరు పెట్టు. మాంసం లేని కూరకు మాంసం పేరెందుకు?

విందాలూ గుడ్లతో చేయవచ్చా అని అడిగావు. చేయవచ్చు, గోంగూర కన్నా తేలిక. వైన్, వెల్లుల్లి వేసి పోర్చుగీసువాళ్ళు వండుకున్న మాంసం గోవాలో విందాలూ అయింది, ఆ పేరులో ఆలుగడ్డ లేదు. మసాలా అంతా వెనిగర్‌తో నూరిన ముద్ద కాబట్టి పులుసుకు దాని ఒళ్ళు దానికే ఉంది. పంది కొవ్వు ఉండదు గనుక వెనిగర్ మాత్రం బాగా తగ్గించుకో.

ఇక మూడో పేజీ. అక్కడ మూడు వాక్యాలున్నాయి. “నెలాఖరులో అమ్మ గుడ్లను దారంతో సగానికి కోసి, ఆదివారం మాంసం వండే గిన్నెలోనే వండేది. పన్నెండు ముక్కలయ్యేవి. కూర చిక్కగా ఉందని నాన్న అనేవాడు.” వీటి దగ్గర ఆగిపోయి చాలాసేపు కూర్చున్నాను. ఇవి రాసిన చేతితోనే ‘మిగతాదంతా మామూలే’ అని ఎలా రాశావు?

సగానికి కోసిన గుడ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పత్రికలవాళ్ళు బొమ్మ కోసం పచ్చసొన పైకి కనబడేలా కోసి పెట్టమనేవాళ్ళు. గరిటె తగలగానే పచ్చసొన ఊడి పులుసులో పడేది, కూర పాడైందని నేను పోట్లాడేదాన్ని. నీ మూడో పేజీ చదివాక మాత్రం, మూడోసారి వండినప్పుడు మీ అమ్మగారిలా దారంతో కోశాను. గసగసాలు, కొబ్బరి వేయలేదు. నెలాఖరులో అవి ఉండకపోయి ఉంటాయనుకున్నాను. ముక్కలు వేసి కలిపాను. నాలుగైదు పచ్చసొనలు ఊడి పులుసులో చిదిమిపోయాయి. పులుసు చిక్కబడింది. గోంగూర పదును తగ్గింది. గుడ్డులోని కొవ్వంతా పచ్చసొనలోనే ఉంటుంది, నూనెనూ నీళ్ళనూ విడిపోకుండా కలిపి ఉంచే లెసిథిన్ కూడా అందులోనే ఉంటుంది. మాంసం చేసే పనుల్లో రెండింటిని ఆ పచ్చసొనలు అందుకున్నాయి. ఇన్నేళ్ళుగా నేను పాడు అనుకున్నది ఆ కూరకు ప్రాణం.

గుడ్లను దారంతో కోసేది ఇంట్లో పంపకాల కోసమని కూడా నువ్వు రాశావు. పంపకాల కోసమే అయితే మీ నాన్నగారు చిక్కదనం గురించి ఎందుకు అంటారు? నాలుగోసారి రెండు గుడ్లను ముందుగానే కోసి పులుసులో వేసి, నాలుగింటిని వేయించి చివర్లో వేశాను. అది అన్నిటికన్నా బాగుంది. అయినా మీ అమ్మగారు చేసింది అది కాదని నాకు అనిపిస్తోంది.

ఆవిడను అడుగు. గుడ్లను కోసేది వేయించడానికి ముందా, తర్వాతా? ముక్కలు గిన్నెలో పెట్టేటప్పుడు పచ్చసొన కిందికి ఉండేదా, పైకి ఉండేదా? గరిటె పెట్టేదా, గిన్నె పట్టుకుని కుదిపేదా? గోంగూర ఎన్ని కట్టలు? అడిగి ఊరుకోకు, ఒకసారి వండించి పక్కన నిలబడి చూడు, గడియారం దగ్గర పెట్టుకో. ఆవిడ చెప్పేదానికీ చేతులు చేసేదానికీ తేడా ఉంటే చేతులు చేసిందే రాసుకో. ఆ కాగితాలు పంపావంటే ఐదోసారి వండుతాను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.