మిరకిల్ ఫ్రూట్ ఆకులు మాడుతుంటే

హైదరాబాద్‌లో మేడ మీద కుండీలో పెట్టిన మిరకిల్ ఫ్రూట్ (ఇది తిన్నాక పులుపు కూడా తియ్యగా అనిపిస్తుంది) మొక్కకి ఆకుల అంచులు మాడుతున్నాయని, చిగుళ్లు పసుపుగా వస్తున్నాయని రాశారు కదండీ. బోరు నీళ్లే పోస్తున్నానన్నారు, చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది. ఇది పశ్చిమ ఆఫ్రికా మొక్క, దీనికి ఆమ్ల నేల కావాలి. పీహెచ్ (నేల ఆమ్లత్వాన్ని చెప్పే అంకె) 5 చుట్టుపక్కల ఉంటే హాయిగా పెరుగుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర ఉందేమో గోరుతో గీకి చూడండి, మా కుండీకైతే పిండిలా రాలింది.

వాన నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో పట్టి, ముందు కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేదాకా పోయండి. ఆర్వో ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్లు మాత్రం అస్సలొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. పొదుపు అనుకుని నేనవి పోసి చిగుళ్లన్నీ పోగొట్టుకున్నాను. మట్టి మార్చేటప్పుడు కడిగిన కోకోపీట్, ఆకుల ఎరువు ఎక్కువ వేయండి. బూడిద, గుడ్డు పెంకులు వద్దు. పసుపు చిగుళ్లకి చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉండే ఇనుము) పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ తప్పదు.

మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి టెన్షన్ పడకండి. కొత్త చిగురు ఎలా వస్తుందో చూడండి.