అమ్మతో కాశీకి రెండు రోజులు చాలుతాయా?

ప్రశ్న: డిసెంబరులో అమ్మని కాశీ తీసుకెళ్దామనుకుంటున్నా. నాకు సెలవు రెండు రోజులే, ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

జవాబు: కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు పెద్దవాళ్లు, మీకు రెండు రోజులే ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడకుండా సగం వదిలేయండి. బస మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమం వైపు చూసుకోండి, చుట్టూ తెలుగు వినిపిస్తుంటే అమ్మకి ధైర్యంగా ఉంటుంది. మొదటిరోజు తెల్లవారుజామునే విశ్వనాథుడు, పక్కనే అన్నపూర్ణ, కాస్త నడిస్తే విశాలాక్షి. గుడిలోకి ఫోన్ రానివ్వరు, గదిలోనే పెట్టి వెళ్లండి. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి. మెట్ల మీద గంటసేపు ఇరుక్కుని కూర్చోలేరు, పడవలోంచి చూడనివ్వండి, కాకపోతే తడి మెట్లు దిగేటప్పుడు చెయ్యి వదలొద్దు, పడవ ఎక్కకముందే రేటు తేల్చుకోండి (నేను తేల్చుకోక, దిగేటప్పుడు రెట్టింపు ఇచ్చుకున్నా). రెండోరోజు కాలభైరవుడు చాలు. బుద్ధుడు మొదట బోధించిన సారనాథ్ పదికిలోమీటర్లే, అదీ ఓపికుంటేనే. ఆ నెలలో పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ లేటవుతాయి, తిరిగొచ్చాక ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.