ఫారెస్ట్రీయా, డ్రోన్ కోర్సా? ముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. ఎండాకాలం అమ్రాబాద్ అడవికి అగ్గి పడటం చూసినప్పటి నుంచి బీఎస్సీ ఫారెస్ట్రీ చేస్తానని పట్టుబడుతోంది. మంటలార్పే పనికి డిగ్రీ ఎందుకు? బీఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేర్పించి, పక్కన లక్షన్నర పెట్టి ఏఐ–డ్రోన్ కోర్సు చేయిస్తే నయం కదా? రెండూ పోల్చి చెప్పండి.
– ఓ తండ్రి, నాగర్‌కర్నూల్

జవాబు: పోలిక తర్వాత చూద్దామండీ. ఆడపిల్ల అడవుల వెంట తిరిగితే రేపు సంబంధాలెలా అన్నదే మీ అసలు బెంగ. డ్రోన్ కోర్సు దానికి ముసుగు.

మంటలార్పడం ఈ వృత్తిలో చివరి పని. అగ్గి ఫిబ్రవరి నుంచి మే దాకా పడుతుంది కాబట్టి అసలు పని డిసెంబరు, జనవరిల్లోనే మొదలవుతుంది. బీట్ల (అటవీ సిబ్బంది కాపలా కాసే ప్రాంతాల) సరిహద్దుల్లో గడ్డి కోసి, ఎండనిచ్చి, గాలి లేని పూట మనుషుల్ని కాపలా పెట్టి కాలుస్తారు. అలా ఖాళీ అయిన గీతే ఫైర్‌లైన్, మంట దాన్ని దాటకుండా. మధ్యాహ్నం గాలిలో అంటిస్తే గీత దాటి అడవికే అంటుకుంటుంది. జనవరిలో శుభ్రంగా చేసి వదిలేసినా లాభం లేదు. నల్లమల ఆకురాల్చే అడవి. మార్చికల్లా గీత మీద మళ్లీ ఎండుటాకు పరుచుకుంటుంది, నిప్పుకు వంతెన దొరికినట్టే. అందుకే బ్లోయర్లతో మళ్లీ ఊడుస్తారు. ఇప్పపువ్వు కనబడాలని చెట్టుకింద ఆకు తగలబెట్టేవాళ్లతో, కొత్త గడ్డి కోసం నిప్పు పెట్టే పశువుల కాపరులతో ముందే మాట్లాడుకోవాలి. ఆ మాట నెగ్గితే సగం పని అయినట్టే.

అడవిని కమ్మేసే కలుపు పొద లాంటానా సంగతి వేరు. పైపైన నరికితే మోడు నుంచి రెట్టింపు చిగుళ్లు వేస్తుంది. కాండం వేరుతో కలిసే చోటుకు కాస్త కిందగా, మట్టిలోపలే తల్లివేరు నరికి, పొదను తలకిందులుగా ఎండబెట్టాలి. ఇదంతా కాయలు పండకముందే జరగాలి, లేదంటే పిట్టలు విత్తనాన్ని అడవంతా చల్లేస్తాయి. ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి విత్తి, తర్వాతి వానాకాలాల్లో మొలకలు పీకుతూ ఉండాలి. ఇంత తెలియాల్సిన పనికి డిగ్రీ ఎందుకంటారా?

ఇక మీరు ముచ్చటపడే కోర్సు. దాని మీద నాకు నమ్మకం తక్కువ. మంటల హెచ్చరికలు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఉపగ్రహాల ద్వారా ఇప్పటికే ఫోన్లకు వస్తున్నాయి. ఉపగ్రహంలో వేడిని పసిగట్టే వీర్స్ సెన్సర్ చూపే చుక్క ఒక్కటి 375 మీటర్ల గడి. ఆ గడిలో కాలుతున్నది అడవా, అంచున రైతు కాల్చిన మొక్కజొన్న చొప్పా అన్నది నడిచి వెళ్లినవాళ్లే తేల్చాలి. డ్రోన్ పొగను చూపిస్తుంది, ఆకుల కింద రాజుకుంటున్న దుంగను చాలాసార్లు చూపించదు. పైగా ఆ ప్రకటనల్లోని ‘సర్టిఫికెట్’ వేరు, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపున్న సంస్థలో శిక్షణ తర్వాత వచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వేరు. ఏది ఇస్తారో కాగితం మీద రాయించుకోకుండా రూపాయి కట్టకండి. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సెలవుల్లో నేర్చుకోవచ్చు.

పోలిక అడిగారు కాబట్టి ఒక్క ముఖ్యమైన తేడా చెబుతాను. ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) అర్హత జాబితాలో ఫారెస్ట్రీ ఉంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీతో ఐఎఫ్ఎస్ రాయాలంటే అందులో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టు ఒకటి ఉండాల్సిందే. కాలుష్యం, పరిశ్రమల అనుమతుల వైపు వెళ్లేవాళ్లకు అదీ మంచి చదువే. ఫారెస్ట్రీకి సిద్దిపేట జిల్లా ములుగులో కాలేజీ ఉంది (సమ్మక్క జాతర జరిగే ములుగు జిల్లా కాదు). ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు, అది దాచను. అయితే పేపరు మిల్లుల జామాయిల్ తోటలు, నర్సరీలు, ఎమ్మెస్సీ దారులు కూడా ఉన్నాయి.

ఆడపిల్లకు కష్టం కాదా అంటారు. ఐఎఫ్ఎస్ ఎంపికలో నడక పరీక్షకు అమ్మాయిలు 4 గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి. సాధనతో అయ్యేదే. రేంజి అధికారులుగా ఆడవాళ్లు ఇప్పటికే పనిచేస్తున్నారు. మీ అటవీ డివిజన్ ఆఫీసులో అడిగి, ఫైర్‌లైన్ పని నడిచే రోజుల్లో అమ్మాయిని ఒక పూట తీసుకెళ్లండి. చూశాక కూడా ఇదే చదువుతానంటే అడ్డుపడకండి.