మరక కనబడిందని మాత్ర ఆపకు

అమ్మలూ,

గర్భం రాకుండా వేసుకునే మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలోనే, డేట్‌కీ డేట్‌కీ మధ్యలో రక్తం మరక కనబడిందని భయపడుతున్నావు. గట్టిగా చెబుతున్నా, అది చూసి మాత్ర ఆపకు. మొదటి మూడు నెలలు గర్భసంచి లోపలి పొర పలచబడుతూ అక్కడక్కడా రాలుతుంది, నీకు కనిపించేది అదే. మాత్ర పని చేయట్లేదని కాదు. చాలామంది ‘డేట్ వచ్చేసింది’ అనుకుని ఉన్న స్ట్రిప్ పక్కన పడేసి, ఐదో రోజు కొత్తది విప్పుతారు. నెల తప్పేది అక్కడే.

బస్తీ దవాఖానాలో ఇచ్చిన మాలా-ఎన్ స్ట్రిప్ చేతిలోకి తీసుకుని చూడు. తెల్లవి 21, మందంతా వాటిలోనే. ముదురు రంగువి 7, ఉత్త ఐరన్. ఐరన్ రోజుల్లో డేట్ వస్తుంది. అది ఆగినా ఆగకపోయినా ఎనిమిదో రోజు కొత్త స్ట్రిప్‌లో మొదటి తెల్లది పడాల్సిందే. వారం రోజులు మందు లేక అండాశయం అప్పటికే మేలుకుంటూ ఉంటుంది. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే అండం విడుదల కావచ్చు. అందుకే స్ట్రిప్ మొదట్లో మర్చిపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

తెల్లది ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో, ఆ రోజుది మామూలు వేళకే. ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. వరసగా రెండో, ఎక్కువో పోతే ఆఖరున మర్చిపోయింది ఒక్కటే వేసుకుని, మళ్లీ వరసగా ఏడు తెల్లవి పడేదాకా కండోమ్ వాడండి. పోయినవి మూడో వారంలోవైతే తెల్లవి పూర్తిచేసి, ఐరన్‌వి పారేసి, మర్నాడే కొత్త స్ట్రిప్. మొదటి వారంలో పోయి, అంతకుముందు ఐదు రోజుల్లో కలిసి ఉంటే ఎమర్జెన్సీ మాత్ర గురించి ఆ రోజే డాక్టరమ్మను అడుగు.

శనివారం ఒక్కపొద్దని అన్నంతో పాటు మాత్ర కూడా మానేస్తున్నారు కొందరు. దానికి అన్నంతో పనిలేదు, గుక్కెడు నీళ్లు చాలు. వేసుకున్న మూడు గంటల్లో వాంతయితే ఇంకోటి వేసుకో. టీబీకిచ్చే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు వాడేవాళ్లలో లివర్ ఈ హార్మోన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తుంది. మరకలూ ఎక్కువవుతాయి, రక్షణా తగ్గుతుంది. వాళ్లకు వేరే పద్ధతి కావాలి. బోనాలకో పెళ్లికో డేట్ వాయిదా వేయడానికి మెడికల్ షాపులో తెచ్చుకునే గోలీలు గర్భం ఆపేవి కావు, ఆ నమ్మకం పెట్టుకోకు.

ఐరన్ రోజుల్లో డేట్ రాకపోతే పొద్దున్నే మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ కిట్టు పెట్టి చూసుకో. మాత్రలు మర్చిపోయిన నెలలో కలిసి మూడు వారాలు కాకముందు నెగెటివ్ వస్తే దాన్ని నమ్మకు, మళ్లీ చెయ్. పాజిటివ్ వచ్చి పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో. రాత్రయినా సరే పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి వెళ్లు, తెల్లారేదాకా ఆగకు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అంతే. ఒక కాలు వాచి నొప్పి, ఛాతీలో నొప్పి, చూపు మసకబారే తలనొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే వెళ్లు. మూడు నెలలు దాటినా మరక ఆగకపోతే, కలిసినప్పుడల్లా రక్తం కనబడితే లోపల పరీక్ష చేయించుకోవాలి.

నువ్వు బీపీ చూపించుకోకుండానే మొదలుపెట్టావు. ఈ వారంలోనే బస్తీ దవాఖానాకు వెళ్లి చూపించుకో, ఎంతుందో నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ