తెలుగు మీదుగా స్పానిష్

ప్రశ్న: మాస్టారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా బడిలో స్పానిష్ చెప్పరు కనుక నాలుగు నెలలుగా ఒక యాప్‌లో సొంతంగా నేర్చుకుంటున్నాను. మాటలు చాలానే గుర్తున్నాయి గానీ, ఒక వాక్యం చెప్పాలంటే ముందు తెలుగులో అనుకొని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకొని, ఆపైన స్పానిష్‌కు వచ్చేసరికి తడబడుతున్నాను. ఎవరి సాయమూ లేకుండా ఈ భాష వస్తుందా? నా వయసువారికి పరీక్షలేమైనా ఉన్నాయా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. నీ తడబాటుకు కారణం నీ ఉత్తరంలోనే ఉంది. మధ్యలో ఇంగ్లీషు మజిలీ నీకు అక్కరలేదు. చాలాచోట్ల స్పానిష్ వాక్యం ఇంగ్లీషు కంటే తెలుగుకే దగ్గరగా నడుస్తుంది. 'నాకు మామిడిపండు ఇష్టం' అనేటప్పుడు మనం 'నేను' అని మొదలుపెట్టం. స్పానిష్‌లోనూ 'మె గుస్త ఎల్ మాంగొ' అంటారు. అందులో 'మె' అంటే 'నాకు', కర్త మామిడిపండే, అందుకే పండ్లు ఎక్కువైతే 'గుస్త' కాస్తా 'గుస్తన్' అవుతుంది. 'మాట్లాడతాను' అన్న ఒక్క మాటలోనే 'నేను' ఇమిడి ఉన్నట్టు, 'ఆబ్లొ' అన్న మాటలోనూ ఉంటుంది. 'ఆబ్లస్' అంటే 'మాట్లాడతావు'. 'నువ్వు', 'మీరు' తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చిందే, అక్కడ అవి 'తూ', 'ఉస్తెద్'. అయితే 'ఉస్తెద్' పక్కన 'అతడు', 'ఆమె'లకు వాడే క్రియారూపం వస్తుంది. ఇంగ్లీషు నుంచి వెళ్ళేవారిని బాగా తికమకపెట్టే 'సెర్', 'ఎస్తార్' జంటకు (రెండూ ఇంగ్లీషు 'be'కి సాటివచ్చే క్రియలే) కూడా తెలుగులో ఊత దొరుకుతుంది: 'ఆమె డాక్టరు' అని మనం క్రియ లేకుండా చెప్పేచోట సాధారణంగా 'సెర్', 'ఆమె ఇంట్లో ఉంది' అనేచోట 'ఎస్తార్' వస్తాయి. ఈ పోలిక ప్రతిచోటా నిలవదు గానీ, మొదలుపెట్టేవారికి చాలు.

ఉచ్చారణలో త, దలు మన దంత్యాలకు దగ్గరివే. 'పెరొ' అంటే 'కానీ', 'పెర్రొ' అంటే 'కుక్క'. ఆ రేఫను నొక్కి పలకడం మన నాలుకకు కొత్త కాదు. మన బలహీనత మరోచోట ఉంది. మనం దీర్ఘంతో చూపే అర్థభేదాన్ని వాళ్ళు ఊనికతో చూపుతారు. మొదటి అక్షరం నొక్కితే 'పాప', అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప. రెండోది నొక్కితే 'పపా', అంటే నాన్న. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతడు మాట్లాడాడు. రాతలో ఈ తేడాను తెలిపేది అచ్చు మీద పెట్టే చిన్న గీత ఒక్కటే కనుక దాన్ని ఎన్నడూ వదిలిపెట్టకు. నేను ఇక్కడ తెలుగు లిపిలో రాసినది నీకు చెప్పడానికే. నీ నోటు పుస్తకంలో మాత్రం స్పానిష్ అక్షరాలే ఉండాలి.

నామవాచకాన్ని ఒంటరిగా బట్టీ పట్టకుండా, ముందుండే 'ఎల్' (పుంలింగానికి) లేదా 'లా' (స్త్రీలింగానికి)తో కలిపి నేర్చుకో. చెయ్యి 'లా మానొ', సమస్య 'ఎల్ ప్రొబ్లేమ'. మాట చివర 'ఒ' ఉంటే 'ఎల్', 'అ' ఉంటే 'లా' అని చివరి అచ్చును నమ్మితే రెండూ తప్పుతాయి. యాప్ ఇచ్చే వాక్యాలతో ఆగిపోకుండా, రోజూ రాత్రి ఆనాటి సంగతులు ఐదు వాక్యాల్లో రాసి, పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసుకొని విను. నాలుగు నెలలుగా నీకు కొరవడినది ఈ సొంత వాక్యమేనని నా నమ్మకం.

ఇక పరీక్షల సంగతి. స్పెయిన్ విద్యాశాఖ పేరున, స్పానిష్ భాషను దేశదేశాల్లో నేర్పే సెర్వాంతెస్ సంస్థ ఇచ్చే 'డెలె' అనే స్పానిష్ భాషా ధ్రువపత్రాలలో 11 నుంచి 17 ఏళ్ళ వారికి ప్రత్యేకంగా ఒక తరహా ఉంది. అందులో తొలి మెట్టు ఎ1. ఆ సంస్థ కేంద్రం ఢిల్లీలో ఉంది. తేదీలూ పరీక్షాకేంద్రాలూ వారి వెబ్‌సైట్‌లో చూసుకో. పదో తరగతి ఏడాదిలో మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకు. ఆ ఏడు రాత్రి ఐదు వాక్యాలు సాగితే చాలు.