డాప్సోన్ రాసే ముందు

చిరంజీవి లలితకు,

పాడేరులో చర్మవ్యాధుల ఓపీ మొదలుపెడుతున్నావట, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) కేసుల్ని వైజాగ్ పంపకుండా అక్కడే చూస్తానంటున్నావట. మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉందమ్మా, దిగులుగానూ ఉంది.

కాళ్ల మీద తడిమితే చేతికి తగిలే, నొక్కినా పాలిపోని ఎర్రమచ్చలు నీకు కొత్త కాదు. బయాప్సీ కొత్త మచ్చ నుంచే, ఒకటి రెండు రోజుల్లోపే తియ్యి. బీపీ, మూత్రం ప్రతిసారీ చూడు. మూత్రంలో రక్తం, ప్రోటీన్ పోతున్నా, పాదం వాలిపోతున్నా పంతం వద్దు, పెద్దాసుపత్రికి పంపెయ్యి. చర్మం వరకే అయితే చాలామందికి కారణమైన మందు ఆపి, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే కోల్చిసిన్ 0.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకీ, క్లారిత్రోమైసిన్ వాడుతున్నవాళ్లకీ అది వద్దు. పుళ్లు పడుతుంటే ప్రెడ్నిసోలోన్ కిలో బరువుకు రోజుకు 0.5 మి.గ్రా. ఇచ్చి, మూడు నుంచి ఆరు వారాల్లో మెల్లగా దింపు.

నా భయమంతా డాప్సోన్ గురించే. చవక, బాగా పనిచేస్తుంది, కుష్ఠుకి రాసి రాసి చెయ్యి అలవాటుపడింది. ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ ఎంజైమ్ ఎంతుందో పరీక్షించకుండా 100 మి.గ్రా. మొదలుపెట్టేయడం మనవాళ్లు ఎప్పట్నించో చేస్తున్న తప్పు. తరతరాలుగా మలేరియా ఉన్న చోట ఈ ఎంజైమ్ లోపం ఎక్కువ, నువ్వు వెళ్తున్నది అలాంటి చోటికే. లోపమున్నవాళ్ల ఎర్రకణాలు ఈ మందు తాకిడికి నిలవలేక పగిలిపోతాయి. కళ్లు పచ్చబడి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది, ఆయాసమొస్తుంది. ఇంట్లోవాళ్లు కామెర్లనుకుని పసరు మందుకి తీసుకెళ్తారు, మాత్ర మాత్రం ఆపరు. "మలేరియాకి ప్రైమాక్విన్ వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా వచ్చిందా?" అని ముందే అడుగు. కణాలు పగులుతున్నప్పుడు గానీ, రక్తం ఎక్కించిన కొత్తలో గానీ పరీక్ష చేస్తే రిపోర్టు నార్మల్ అని వచ్చి మోసం చేస్తుంది. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించు. ఈ లోపం ఆడవాళ్లకి ఉండదులే అనుకోకు.

ఎంజైమ్ బాగుంటే 50తో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ 100కి వెళ్లు. మొదటి నెల వారం వారం సీబీసీ (రక్తకణాల లెక్క). హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు దాదాపు అందరికీ తగ్గుతుంది. పెదాలు నీలంగా మారి, ఆక్సిజన్ పెట్టినా పల్స్ ఆక్సీమీటర్ 85 దగ్గరే ఆగిపోతే అది మెథిమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్ అని గుర్తుపట్టు. నెలా నెలన్నరకి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు వస్తే ఆ పూటే మాత్ర ఆపించు. గొంతునొప్పితో జ్వరమొస్తే తెల్లకణాలు చూడు.

ఇవేవీ నీకు తెలియక కాదు. బయట జనం తోసుకుంటున్నప్పుడు రిపోర్టు తర్వాత చూద్దాంలే అనిపిస్తుంది, ఆ మాట మనసులోకి రానివ్వకు. రిపోర్టు వచ్చేదాకా కోల్చిసిన్‌తో నెట్టుకురా. మధ్యాహ్నం భోజనం మానకు తల్లీ. అనుమానమొస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న